ఇంటి మనిషి

నవంబర్ 12

ఈరోజు నాకు కౌన్సెలింగ్ అయింది.

తాగింది మా తమ్ముడు. బండి నడిపింది మా తమ్ముడు. చౌరస్తాలో పోలీసులు మెషిన్ పెడితే ఊదింది మా తమ్ముడు. కౌన్సెలింగ్ మాత్రం నాకు.

రూల్ అట. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో దొరికినవాడు కోర్టుకు పోయే ముందు ట్రాఫిక్ స్టేషన్‌కు రావాలి. వెంట ఒక ఇంటి మనిషిని తెచ్చుకోవాలి. ఇంతకుముందు రెండుసార్లు జగదీశ్ వెంట వాడి భార్య యమున పోయింది. ఇప్పుడు యమున పాపను తీసుకుని మందమర్రిలో పుట్టింట్లో ఉంది. చేతికి కట్టుతో పోయింది. మెట్లమీద పడ్డానని అందరికీ చెప్పింది. మా కంపెనీ క్వార్టర్‌కు మెట్లు లేవు. అట్లా ఇంటి మనిషి పోస్ట్ ఖాళీ అయింది. నాన్న లేడు, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఇంకెవరున్నారు, నేనున్నాను కదా, పెళ్ళయి వెనక్కి వచ్చిన అక్కను. (ఆ పెళ్ళి కథకు ఈ డైరీలో చోటు లేదు.) స్కూల్‌కు సెలవు పెట్టి పోయాను. ప్రిన్సిపాల్ ఎందుకంటే జ్వరం అన్నాను.

హాల్లో ముందు మగవాళ్ళు, వెనక మేము. యాక్సిడెంట్ల వీడియో వేశారు. మగవాళ్ళు ఫోన్లు చూసుకున్నారు, మేం వీడియో చూశాం. తర్వాత కౌన్సెలింగ్ చేసే సార్ మా ఆడవాళ్ళను లేచి నిలబడమన్నాడు. ఇంట్లో మీరు ప్రేమగా చెప్పాలట. బండి తాళంచెవి దాచిపెట్టాలట. పొద్దున లేవగానే నిమ్మరసం ఇవ్వాలట. నా క్లాసులో ఫోర్త్ క్లాస్ పిల్లలకు కూడా నేను ఇంత సాగదీసి చెప్పను.

పక్క కుర్చీలో షహజాదీ బేగం అని ఒకావిడ. కొడుకు జునైద్‌తో వచ్చింది. మొదటిసారా అని అడిగింది, దవాఖానలో అడిగినట్టు. ఆమెకు అలవాటే. ఆ హాల్లో ఉన్నవాళ్ళందరి చరిత్రా ఆమెకు తెలుసు. చెవిలో చెప్పుకుంటూ పోయింది. ఆ నీలం చొక్కావాడిది సెల్‌ఫోన్ గుంజుకుపోయిన కేసు, ఆ బట్టతల ఆయన వదినను కొట్టిన కేసు, తన కొడుకు జునైద్‌ది దొంగబండి కేసు. ఒక్క తాగుడుకే వచ్చినవాడు ఒక్కడు లేడు. నా పేరు రిజిస్టర్‌లో రాయించి వస్తుంటే ఒక మాట అన్నది.

“ఇంటి మనిషని రాయించినవా బేటీ? ఇగ నీ పేరు పోదు.”

ఎస్సై జగదీశ్‌ని పక్కకు పిలిచి వాడి కేసులన్నీ చదివాడు. తాగుడు కేసు ఇది మూడోది. బార్‌లో సీసా పగలగొట్టి ఒకడి చెవి కోసింది ఒకటి. వాడు పనిచేసే బొగ్గుగని మీద కేబుల్ పోయిన దాంట్లో ఎంక్వైరీ ఒకటి. ఆఖరికి, నా వైపు తిరిగి, మనిషి మంచోడేనమ్మా, మందే ఖరాబ్ చేస్తున్నది అన్నాడు. నేను కూడా తల ఊపాను.

నవంబర్ 13

వాణ్ణి బాగా తిట్టారా అని అమ్మ అడిగింది. లేదు, నన్ను తిట్టారు అన్నాను. హమ్మయ్య అన్నది.

నవంబర్ 19

జగదీశ్ లైసెన్స్ సస్పెండ్ అయింది. బైక్ స్టేషన్‌లో ఉంది. నైట్ షిఫ్టుకు నా స్కూటీ కావాలన్నాడు. పొద్దున నా స్కూల్ టైమ్‌కు తెచ్చి ఇస్తాడట. కుదరదన్నాను. అమ్మ అన్నం ముందునుంచి లేచిపోయింది. వాడు డ్యూటీకి పోక నాగాలు పడితే నౌకరి పోతుంది, అప్పుడు నీ కడుపు చల్లబడుతుందా అని అడిగింది.

ఆ నౌకరి. బొగ్గుగనిలో నాన్న ఊపిరితిత్తులు పాడై మెడికల్ అన్‌ఫిట్ అయినప్పుడు ఇంట్లో ఒకరికి రావాల్సిన నౌకరి. డిగ్రీ చదివింది నేను. వాడు ఇంటర్ తప్పాడు. ఆడపిల్లకు రాస్తే అల్లుడి ఇంటికి పోతుందని అమ్మ, వాడికి పెళ్ళి కావాలంటే నౌకరి ఉండాలని నాన్న. నాకు అభ్యంతరం లేదని నేను సంతకం పెట్టాను. నాకు అభ్యంతరం ఉంది. అప్పుడూ ఉంది. ఎవరూ అడగలేదు, సంతకం ఎక్కడ పెట్టాలో మాత్రం చూపించారు.

తాళంచెవి ఇచ్చాను. నిమ్మరసం కూడా ఇవ్వాల్సింది.

నవంబర్ 27

స్కూల్ నుంచి వచ్చేసరికి క్వార్టర్ వెనక రబ్బరు కాలుతున్న వాసన. జగదీశ్ కూర్చుని కేబుల్ ముక్కలు మంటలో వేస్తున్నాడు. పైన రబ్బరు కాలిపోతే లోపల రాగి మిగులుతుంది. ఎక్కడిదంటే స్క్రాప్ అన్నాడు. ఎవరి స్క్రాప్ అంటే నవ్వాడు. ఆరేసిన నా చీరలకు అంతా మసి.

అమ్మతో అంటే, పాపం మత్తులో ఏం చేస్తున్నాడో వాడికే తెలియదు అన్నది. నేను వాడి పక్కనే నిలబడి వచ్చాను. వాసన రబ్బరుది. మందుది కాదు. కళ్ళు తేటగా ఉన్నాయి. ఒక్కో ముక్కను కట్టెతో తిప్పుతూ, వేళ్ళు కాలకుండా ఎంత జాగ్రత్తగా తీస్తున్నాడో.

డిసెంబర్ 5

పొద్దున స్కూటీ రాలేదు. నైట్ షిఫ్టు దిగినవాళ్ళకు పొద్దునే సాయంత్రం. గని దగ్గర మందు అమ్మే బెల్టు షాపులు వాళ్ళకోసం తెల్లారేసరికే తెరిచి ఉంటాయి. పోలీసులేమో రాత్రిపూట చౌరస్తాలో మెషిన్ పట్టుకుని నిలబడతారు. ఆటోలో పోయాను. లేటయింది, మాట పడ్డాను.

సాయంత్రం వచ్చేసరికి స్కూటీ ఇంటి ముందు ఉంది. కడిగి ఉంది. సర్ఫ్ వేసి కడిగినట్టుంది, నేలంతా తెల్లటి మరకలు. కొన్న నాటి నుంచి ఆ బండిని కడిగింది నేనొక్కదాన్నే. హెడ్‌లైట్ అద్దం చిట్లింది. అడిగితే గోడకు తగిలిందని చెప్పి దుప్పటి కప్పుకున్నాడు.

డిసెంబర్ 6

నిన్నా ఇవాళా రొట్టెలు లేవు. సారవ్వ పొయ్యి ముట్టించలేదు.

మార్కెట్ మూలమీద జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది సారవ్వ. అమ్మకు షుగర్ వచ్చినప్పటి నుంచి మాకు రాత్రి రొట్టెలు ఆమె దగ్గరే. వానాకాలంలో కూడా తార్పాలిన్ కట్టుకుని కూర్చునే మనిషి. పక్కన మిర్చీలబండి ఆయన ఏదో చెప్పబోయాడు, ఇంతలో గిరాకీ వచ్చింది.

డిసెంబర్ 7

సారవ్వను బండి గుద్దింది. నిన్న కాదు, మొన్న పొద్దున. గిర్ని నుంచి పిండి డబ్బా నెత్తిమీద పెట్టుకుని రోడ్డు పక్కనుంచి పోతుంటే వెనకనుంచి గుద్ది పోయిందట. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో ఉంది. గిర్ని నడిపే దస్తగిర్ చెప్పాడు. చప్పుడు విని, గిర్ని ఆపి బయటికి వచ్చేసరికి తెల్ల స్కూటీ మూల తిరుగుతోందట. నంబర్ చూడలేదట. రోడ్డంతా పిండి, దాన్లో ముసలామె, లేపబోతే చెయ్యి పట్టు దొరకలేదు అన్నాడు.

మా ఊళ్ళో తెల్ల స్కూటీలు చాలా ఉన్నాయి.

డిసెంబర్ 8, మధ్యాహ్నం

ఆదివారం. అమ్మ పడుకుంది. వాడు బయటికి పోయాడు. స్కూటీని గోడకు ఆనించి, కింద కూర్చుని, ముందు చక్రం మడ్‌గార్డ్ లోపల వేలు పెట్టి చూశాను. లోపల గట్టిగా, పెచ్చులు పెచ్చులుగా ఉంది. నీళ్ళు పడి ముద్దయి ఎండిపోయింది. గోరుతో గీకి నలిపాను. జొన్నపిండి. చిన్నప్పటి నుంచి పిసికినదాన్ని, నాకు తెలియదా.

డిసెంబర్ 9

అడగలేదు.

డిసెంబర్ 10

ఇవాళ కూడా అడగలేదు. తాళంచెవి మాత్రం నా జాకెట్లో పెట్టుకున్నాను. నైట్ షిఫ్టుకు ఎవరి బండిమీదో పోయాడు. తాళంచెవి ఏదని వాడూ అడగలేదు. అడగకపోవడంలోనే అంతా ఉంది.

డిసెంబర్ 12

సగంరోజు సెలవు పెట్టి దవాఖానకు పోయాను. చేతిలో బత్తాయిలు. ఏ మొఖం పెట్టుకుని పోయానో నాకే తెలియదు. సారవ్వ కాలికి ఇటుకలు వేలాడదీశారు. ఆపరేషన్ అయినా ఇదివరకటిలాగా కింద కూర్చోలేదని డాక్టర్ చెప్పాడట. కింద కూర్చోకుండా రొట్టెలు ఎట్లా చేస్తుంది? కూతురు దీప బట్టల షాపులో సేల్స్‌గర్ల్. సెలవు దొరక్క ఇవాళ డ్యూటీకి పోయిందట.

నన్ను చూసి సంతోషపడింది. అమ్మకు షుగర్ ఎట్లా ఉందని అడిగింది. రొట్టెలు ఎక్కడ తెస్తున్నారని అడిగింది. గుద్దినవాణ్ణి చూశావా అని అడిగాను. చూడలేదట. ఎవడో తాగినోడు అన్నది. వాసన వచ్చిందట. అంటే దగ్గరికి వచ్చాడు. వంగి చూశాడు. చూసి పోయాడు.

“తాగినోనికి ఏం దెలుస్తది బిడ్డా. పాపం, వాడు గూడ ఏ ఇంటోడో.”

బత్తాయి ఒలిచి పెట్టాను. రెండు తొనలు తిన్నది. నేను బయటికి వచ్చి దవాఖాన కాంపౌండ్ గోడకు ఆనుకుని ఏడ్చాను. వాడు ఏ ఇంటోడో చెప్పేస్తే అయిపోయేది. చెప్పలేదు.

డిసెంబర్ 14

పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్. రోడ్డుమీద ఏదో షాపు కెమెరాలో నంబర్ దొరికింది. బండి నా పేరుమీద ఉంది.

పోయాను. వీడియో చూపించారు. తెల్ల స్కూటీ, మంకీక్యాప్, పైన శాలువా. మొఖం కనబడదు. ఆడో మగో కూడా చెప్పలేరు. చలికాలం అందరూ అట్లాగే ఉంటారు. గుద్దింది కెమెరాలో లేదు, ఆ తర్వాతది ఉంది. బండి కొంచెం ముందుకు పోయి ఆగింది. దిగాడు. వెనక్కి నడిచి పోయాడు. తిరిగి వచ్చి, శాలువా అంచుతో హెడ్‌లైట్ మీద పిండి తుడిచాడు. అటూ ఇటూ చూశాడు. స్టార్ట్ చేశాడు.

ఆ నడక నాకు తెలుసు. కుడికాలు కొంచెం విసిరి నడుస్తాడు, నాన్నలాగా.

ఎవరు నడిపారమ్మా అన్నాడు అక్కడి ఎస్సై. సోమవారం చెప్తానన్నాను. ఇదేమన్నా హోంవర్కా అన్నాడు. కానీ ఆడమనిషినని, టీచర్‌నని పంపించాడు. సోమవారం ఆర్‌సీ పట్టుకుని రావాలి, పేరు చెప్పాలి.

డిసెంబర్ 15

ఇవాళ జగదీశ్ తాగలేదు.

స్నానం చేశాడు. గడ్డం గీసుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, మార్కెట్‌కు పోయి చికెన్ తెచ్చి, అమ్మ పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు కోశాడు. అన్నాలయ్యాక నా ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు.

“అక్కా, నువ్వు నడిపినవని చెప్పు. నీకు లైసెన్స్ ఉంది. తాగుడు లేదు. ఇంతకుముందు కేసుల్లేవు. స్టేషన్లనే బెయిల్ ఇస్తరు.”

అంతా చదువుకుని వచ్చినట్టు చెప్పాడు. తన పేరు చెప్తే లైసెన్స్ లేనివాడు నడిపాడని ఇన్సూరెన్స్ వాళ్ళు పేచీ పెడతారట. సారవ్వకు పైసా రాదట. నా పేరైతే ఆమెకు కూడా మేలట. తన పేరైతే జైలు, సస్పెన్షన్, నౌకరి పోవడం. నా పేరైతే కోర్టులో ఫైన్. ఎవరికీ నష్టం లేదు అన్నాడు. స్కూల్లో పిల్లల తల్లిదండ్రులు ఏమనుకుంటారు అన్నాను. ఎట్లాగూ ప్రైవేట్ స్కూలే, ఇది కాకపోతే ఇంకోటి అన్నాడు.

నేను అమ్మ వైపు చూశాను. అమ్మకు ముందే తెలుసు. చికెన్ తెచ్చినప్పటి నుంచి తెలుసేమో.

“నౌకరి పోతే క్వార్టర్ పోతది సంధ్యా. నన్ను ఏ రోడ్డుమీద కూసుండబెడ్తవ్? వాడు మంచిగున్నప్పుడు నిన్నేమన్నడా?”

ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయి కిటికీ అద్దాలు గడగడలాడాయి. ముగ్గురం అలవాటుగా ఆగి, అయిపోయాక మళ్ళీ మొదలుపెట్టాం. అంటే వాళ్ళు మొదలుపెట్టారు.

రాత్రి బాత్రూంలో అద్దం ముందు నిలబడి అని చూసుకున్నాను. బండి నేనే నడిపాను సార్. చాలా సులువుగా వచ్చింది. ఇంకోసారి అన్నాను. సారవ్వకు ఇన్సూరెన్స్ వస్తుందన్న మాట నన్ను పట్టుకుంది. అదొక్కటే. మిగతాదంతా నాకు పాత పాటే, ఆ మాట మాత్రం కొత్తది. నిజం చెప్తే ముసలామె నోటి దగ్గర కూడు తీసినదాన్నవుతానా?

చెప్పేస్తాననే అనుకుంటున్నాను. నన్ను నేను ఇంటి మనిషినని రాయించుకున్నాను కదా.

డిసెంబర్ 16, పొద్దున

దీప వచ్చింది. షాపుకు పోతూ గేటు దగ్గరే నిలబడింది. లోపలికి రమ్మంటే రానన్నది. చెప్పాల్సింది చెప్పింది. జగదీశ్ వాళ్ళ షాపుకు వచ్చాడట. చీరలు చూస్తున్నట్టు కౌంటర్ దగ్గర నిలబడి మెల్లగా మాట్లాడాడట. మా అక్క నడిపినట్టు ఒప్పుకుంటుంది, ఇన్సూరెన్స్ వస్తుంది, మీ అమ్మ నోటినుంచి వాసన గీసన అన్న మాట రావద్దు అన్నాడట. వస్తే, రాత్రి నువ్వు షాపునుంచి ఇంటికి పోయే తోవ నాకు తెలుసు అన్నాడట.

ఎప్పుడు వచ్చాడని అడిగాను. గురువారం అన్నది.

గురువారం. నేను సారవ్వకు బత్తాయి ఒలుస్తున్న రోజు. పోలీసులు నాకు ఫోన్ చేసింది శనివారం. వాడు నన్ను అడిగింది నిన్న. నన్ను అడగకముందే, నంబర్ దొరకకముందే, నన్ను ఇచ్చేశాడు. ఆ సంతకం లాగానే. ఎక్కడ పెట్టాలో చూపించడమే మిగిలింది.

తాగి ఉన్నాడా అని అడిగాను. నాకే సిగ్గనిపించింది ఆ ప్రశ్న. దీప లేదన్నది. చాలా మర్యాదగా, అక్కా అక్కా అంటూ మాట్లాడాడట. పోతూ పోతూ ఒక కర్చీఫ్ కూడా కొన్నాడట.

అక్కా, నిజంగా నువ్వే నడిపినవా అని అడిగింది. షాపుకు లేటవుతుంది పో అన్నాను. పోతుంటే వెనకనుంచి, నేను కాదు అని చెప్పాను. తిరిగి చూసింది. షాపు వైపు పోయింది.

అదే రోజు, సాయంత్రం

చెప్పాను.

నడిపింది మా తమ్ముడు. పేరు గుండేటి జగదీశ్వర్. తాగి ఉన్నాడు, లైసెన్స్ లేదు, దిగి చూసి పోయాడు, బండి కడిగాడు, దీపను బెదిరించాడు. కేబుల్ గురించి కూడా చెప్పాను. యమున చెయ్యి గురించి చెప్పాను. అడగనివన్నీ చెప్పాను. స్టేషన్ రైటర్ రాయలేక ఆగమాగం అయి, మెల్లగా చెప్పమన్నాడు.

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలి, ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. ఎంతైనా సొంత తమ్ముడు, గవర్నమెంటు లాంటి నౌకరి, తాగి చేశాడు, తెలివితో చేయలేదు కదా అన్నాడు. అప్పుడు నేను కుర్చీలోంచి లేచాను. ఎందుకు లేచానో తెలియదు. ఆ కౌన్సెలింగ్ హాల్లో లేచి నిలబడమన్నది గుర్తొచ్చిందేమో.

“గుద్దింది తాగి, సార్. బండి కడిగింది తాగి గాదు. దీపను బెదిరిచ్చింది తాగి గాదు. నన్ను అడిగింది గడ్డం గీస్కొని అడిగిండు.”

ఎస్సై కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత, లైసెన్స్ సస్పెండ్ అయిందని తెలిసే బండి ఇచ్చావా అన్నాడు. తెలిసే ఇచ్చాను అన్నాను. అయితే నీమీద కూడా కేసు అన్నాడు. రాయండి అన్నాను. సారవ్వ ఇన్సూరెన్స్ గురించి అడిగాను. అది కోర్టు తేలుస్తుందట. ఒకోసారి ఇన్సూరెన్స్ వాళ్ళు ముసలామెకు కట్టి, తర్వాత బండి ఓనర్ దగ్గర వసూలు చేసుకుంటారట. ఓనర్ అంటే మీరేనమ్మా అన్నాడు, నాకు అర్థం కాలేదేమోనని.

అర్థమైంది. వసూలు చేసుకోమనండి. ఆ స్టేషన్‌లోంచి బయటికి వస్తుంటే మొదటిసారి చలి తెలిసింది.

డిసెంబర్ 17

జగదీశ్‌ని క్వార్టర్‌లోనే పట్టుకున్నారు. జీపు ఎక్కేటప్పుడు కూడా తాగి లేడు. నా వైపు చూసి నవ్వాడు, ఆ రోజు కేబుల్ కాలుస్తూ నవ్వినట్టే. క్వార్టర్ల లైన్‌లో అందరూ గుమ్మాల్లో నిలబడి చూశారు. మంచోడే, మందు చెడగొట్టింది అని ఎవరో అన్నారు. ఎవరో కాదు, మా అమ్మే.

డిసెంబర్ 29

అమ్మ నాతో మాట్లాడదు. నేను వండింది తినదు. పక్కింటివాళ్ళు పెడితే తింటుంది, నేను చూస్తుండగా తింటుంది. జగదీశ్ సస్పెండ్ అయ్యాడు. క్వార్టర్ సంగతి ఇంకా తేలలేదు. యమున మందమర్రి నుంచి ఫోన్ చేసింది. కాసేపు ఏడ్చి పెట్టేసింది. పాప గొంతు వెనక వినిపించింది.

నా కేసుకు వాయిదా పడింది. స్కూల్లో ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, సంక్రాంతి సెలవుల తర్వాత రానక్కర్లేదని చాలా మర్యాదగా చెప్పాడు. అందరూ నాతో మర్యాదగానే ఉంటున్నారు.

జనవరి 21

సారవ్వ ఇంటికి వచ్చింది. దీప ఎత్తుగా ఒక స్టూల్ చేయించి, పొయ్యిని కూడా ఇటుకలమీద పైకి లేపింది. మూడు రొట్టెలు కాలాయి, నాలుగోది విరిగింది, ఆమె ఏడ్చింది. నేను పిండి పిసికి ఇచ్చాను. గుద్దింది మా ఇంటివాడేనని ఆమెకు ఇప్పుడు తెలుసు. పిండి ఇంకా మెత్తగా పిసకమన్నది.

ఫిబ్రవరి 3

ట్రాఫిక్ స్టేషన్ నుంచి ఫోన్. జగదీశ్వర్ బెయిల్‌మీద వచ్చి నిన్న మళ్ళీ మెషిన్‌లో దొరికాడట. మంగళవారం కౌన్సెలింగ్. రిజిస్టర్‌లో నా పేరే ఉందట.

“జగదీశ్వర్ ఇంటి మనిషేనా మేడం?”

అమ్మ గుమ్మంలో నిలబడి నా నోటివైపే చూస్తోంది.

“కాదు,” అన్నాను. “బండి ఓనర్‌ని.”